సామేలు హార్మోనియం వర్క్స్ విజిటర్లు

30 ఆగస్టు 1999, సోమవారం

దిలీప్ దగ్గర ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఇంతకంటే దిగజారడం కుదరదు కాబట్టి ఇవాళ్టి నుంచి డైరీ రాస్తాను.

వాడు బీఎస్సీలో నాకు రెండేళ్లు జూనియర్. ప్రాక్టికల్ రికార్డులన్నీ నావి చూసి రాసి పాసయ్యాడు. ఇప్పుడు టై కట్టుకుంటున్నాడు. తార్నాక చౌరస్తాలో కళ్లజోళ్ల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో నెట్ సెంటర్, నాలుగు క్యాబిన్లు. వెనక గది పేరు వెబ్ సొల్యూషన్స్. విజిటింగ్ కార్డు మీద హైదరాబాద్, బెంగళూరు, సింగపూర్ అని ఉంది. బెంగళూరులో ఎవరున్నారని అడిగితే వాళ్ల బావమరిది అక్కడ చదువుకుంటున్నాడట. సింగపూర్ సంగతి అడగలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చిన్న చిన్న షాపులవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడతాడు. సైటు ఎవడైనా చేస్తాడు, దానికి జనాన్ని రప్పించడం నీ పని అక్కా అన్నాడు. దాని పేరు ట్రాఫిక్. నేను ఐదేళ్లుగా బస్‌స్టాపుల్లో నిలబడి మనుషులు ఎన్ని నిమిషాలకు ఒకరు వస్తారో రాసుకుని స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానని వాడికి తెలుసు. ట్రాఫిక్ గురించి స్వరూపక్కకు తెలిసినంత ఎవరికి తెలుసు అని నన్ను పొగిడాడు. వెధవ. జూన్‌లో ఫెలోషిప్ ఆగిపోకపోతే వాడి మొహం చూసేదాన్ని కాదు. మా గైడ్‌కి మూడో చాప్టర్ ఇచ్చి ఏడు నెలలయింది. ఆయన దాని మీద ఫ్లాస్కు పెట్టుకుంటున్నాడు.

2 సెప్టెంబర్, గురువారం

క్లయింట్ల లిస్టు ఇచ్చాడు. కస్టమర్లు అనకూడదట. విద్యానగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూలు. రామంతాపూర్‌లో ఒక పూలమొక్కల నర్సరీ. బౌద్ధనగర్‌లో ఒక పెళ్లి బ్యాండు. లాలాపేట రోడ్డులో సామేలు హార్మోనియం వర్క్స్. వీళ్లలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. వీళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరింట్లోనూ లేదు. అయినా విద్యానగర్‌లో క్లచ్ తొక్కడం నేర్చుకోవడానికి లోకమంతా కాచుకుని ఉందని దిలీప్ వీళ్లను నమ్మించాడు. నమ్మినవాళ్ల మీద నాకు జాలి కూడా కలగడం లేదు.

నేను చేయాల్సింది ఇది. ముప్పై ఏడు సెర్చ్ ఇంజన్లలో ఈ నాలుగు సైట్ల పేర్లు ఎక్కించాలి. ముక్కూమొహం తెలియనివాళ్ల గెస్ట్‌బుక్కుల్లో మీ సైటు బాగుంది, మాది కూడా చూడండి అని రాయాలి. పేజీ అడుగున తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో జనం వెతికే మాటలన్నీ కుక్కాలి. క్రికెట్, సినిమా, బ్యాంకు ఉద్యోగాలు, ఇంటర్ రిజల్ట్స్. రిజల్ట్ చూసుకుందామని వచ్చినవాడు బౌద్ధనగర్ బ్యాండు మేళం మీద పడతాడన్నమాట. ఇంత సిగ్గులేని పనికి ప్రమోషన్ అని పేరు పెట్టారు. సాయంత్రం దాకా కుక్కి, క్యాంపస్‌లోంచి నడుచుకుంటూ హాస్టల్‌కి వచ్చాను.

8 సెప్టెంబర్, బుధవారం

సామేలు వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. రైల్వే వర్క్‌షాపులో కార్పెంటర్‌గా చేసి మానేశాడట. చర్చిలో హార్మోనియం వాయిస్తాడు, మిగతా వారమంతా ఊరివాళ్ల హార్మోనియంలు బాగుచేస్తాడు. చర్చిల పెట్టెలు, భజన మండలి పెట్టెలు, నాటకాలవాళ్ల పెట్టెలు.

తన పేజీ చూసి మొదటి మాటే తిట్టు. దిలీప్ హార్మోనియం అనుకుని అకార్డియన్ బొమ్మ పెట్టాడు. దాన్ని తీసేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఎలక్ట్రానిక్ కీబోర్డులు వాయించేవాళ్లంతా స్విచ్చులు నొక్కే లిఫ్ట్ ఆపరేటర్లని ఒక ఉపన్యాసం. నీకు పాట వచ్చా అని నన్నడిగాడు. రాదన్నాను. హార్మోనియంలో పలకని ఇత్తడి రీడ్‌ను చూసినట్టు చూశాడు. అహంకారి. నలుగురిలోనూ ఈయనే భరించదగ్గవాడిలా ఉన్నాడు.

15 సెప్టెంబర్, బుధవారం

మొదటి రిపోర్టు. రెండు వారాల్లో డ్రైవింగ్ స్కూలుకు నలుగురు విజిటర్లు. నర్సరీకి ఇద్దరు. బ్యాండుకు సున్నా. హార్మోనియానికి ఒకరు. ఆ ఒక్కరూ నేనే, సామేలుకు చూపించడానికి తెరిచినప్పుడు.

దిలీప్ కాగితం చూసి తలుపు వేశాడు. ఇది ఇస్తే రెన్యూవల్ ఎవరు చేస్తారక్కా, నంబరు పెరగాలి, కొంచెం పెంచు అన్నాడు. వాడే కూర్చుని రాసి చూపించాడు. ప్రతి సైటుకూ రోజుకు యాభై. సోమవారం యాభై, మంగళవారం యాభై, ఆదివారం యాభై. నాకు ఒళ్లు మండింది. అబద్ధం ఆడినందుకు కాదు, ఇంత మొద్దు అబద్ధం ఆడినందుకు. మనుషులు ఎక్కడైనా రోజుకు సరిగ్గా యాభైమంది వస్తారా? ఐదేళ్లు ఎండలో నిలబడి నేను నేర్చుకున్నది అదొక్కటే.

17 సెప్టెంబర్, శుక్రవారం

ప్రోగ్రాం రాశాను. పేజీలో విజిటర్ల సంఖ్య చూపించే కౌంటర్‌ను దానంతట అదే పెంచుతుంది. పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్. ఒక్కోసారి గంటసేపు ఎవరూ రారు, ఒక్కోసారి మూడు నిమిషాల్లో ఐదుగురు వస్తారు. పొద్దున తక్కువ, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక కునుకు, నాలుగు నుంచి ఏడు దాకా ఎక్కువ. ఆదివారం పొద్దున దాదాపు ఎవరూ ఉండరు. నిజమైన డేటా గ్రాఫులో ఎప్పుడూ కారణం తెలియని ఒక బొడిపె ఉంటుంది కాబట్టి హార్మోనియానికి బుధవారం సాయంత్రం ఒక బొడిపె పెట్టాను. ఎందుకు బుధవారం అంటే ఎందుకూ కాదు.

చాలా అందంగా వచ్చింది. నా మూడో చాప్టర్ కంటే బాగుంది. ఇంత తెలివి ఇలాంటి చోట తగలెయ్యడం చూస్తే నామీద నాకే అసహ్యంగా ఉంది, కానీ నిజం చెప్పాలంటే సాయంత్రమంతా హుషారుగానే ఉన్నాను.

24 సెప్టెంబర్, శుక్రవారం

డాట్ మ్యాట్రిక్స్ మీద రిపోర్టులు తీసి పంచాం. డ్రైవింగ్ స్కూలాయన చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నర్సరీ ఆవిడ మంచిదేనా అని ఒక్కమాట అడిగింది. బ్యాండాయన రానేలేదు.

సామేలు మాత్రం కూర్చుని గంటసేపు చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్క అడ్డగీత చదివాడు. మొన్న బుధవారం సాయంత్రం వచ్చిన నలభై ఇద్దరు ఎవరని అడిగాడు. తెలియదన్నాను. ఏ ఊరివాళ్లన్నాడు. తెలియదన్నాను. వాళ్లతో ఎవరు మాట్లాడారన్నాడు. ఎవరూ మాట్లాడరు, చూసి వెళ్లిపోతారు అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"మనింటికొచ్చినోళ్లు, మనం లేమని ఎల్లిపోతే ఎట్ల బిడ్డా? పలుకరిచ్చేటోడు ఒక్కడుండొద్దా?"

వెబ్‌సైట్ ఇల్లు కాదని చెప్పాను. మరి హోమ్ పేజీ అని ఎందుకు రాసుకున్నారని అడిగాడు. నవ్వు ఆపుకోలేక బాత్‌రూమ్‌కి వెళ్లాను. రాత్రి హాస్టల్ మెస్సులో ఈ సంగతి అందరికీ చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు.

29 సెప్టెంబర్, బుధవారం

నాలుగు గంటలకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని, తల దువ్వుకుని, సామేలు వచ్చి మూడో నంబరు క్యాబిన్‌లో కూర్చున్నాడు. పేజీ తెరిపించుకున్నాడు. ఏడు దాకా కదల్లేదు. కౌంటర్ ఒకటి పెరిగినప్పుడల్లా నెమ్మదిగా వందనాలు అంటున్నాడు.

పెరిగిన వాటిలో సగం ఆయన మౌస్ నొక్కినందుకు పెరిగినవి. మిగతా సగం నా ప్రోగ్రాం.

13 అక్టోబర్, బుధవారం

ఇవాళ చిన్న హార్మోనియం కూడా తెచ్చాడు. అంతదూరం నుంచి వచ్చినవాళ్లకు ఒక పాటన్నా వినిపించొద్దా అన్నాడు. మైకు లేదు, ఏమీ లేదు, స్క్రీనుకు ఎదురుగా కూర్చుని వాయించాడు. రెండో క్యాబిన్‌లో చాటింగ్ చేసుకుంటున్న జంట లేచి వెళ్లిపోయారు. దిలీప్‌కు కోపం వస్తుందనుకున్నాను. వాడు వేరే క్లయింట్లను పిలుచుకొచ్చి చూపించాడు. ఓనర్ ఇన్వాల్వ్‌మెంట్ అంటే ఇదీ అన్నాడు. పిచ్చి పెళ్లిలో తిన్నవాడే బుద్ధిమంతుడు.

వాయించడం మాత్రం బాగా వాయిస్తాడు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

19 అక్టోబర్, మంగళవారం

దసరా. హాస్టల్ ఖాళీ. పండగరోజు విజిటర్లను తగ్గించడం మర్చిపోయి, మళ్లీ తార్నాక దాకా వెళ్లి తగ్గించి వచ్చాను.

3 నవంబర్, బుధవారం

లాలాపేటకు బస్సులో వెళుతూ ఆయన షాపు చూశాను. తాళం వేసి ఉంది. తలుపు మీద సుద్దతో రాసిన బోర్డు. 'బుధవారం మూడు గంటల నుంచి, మిగతా దినాలు ఐదు నుంచి ఇంటర్నెట్‌లో ఉంటాను.' రిపోర్టు కాగితాలు వరసగా అద్దానికి లోపలి నుంచి అంటించాడు, బయటివాళ్లకు కనిపించేలా. నేను వేసిన ఒక్కొక్క బొడిపె కింద ఎర్ర పెన్సిల్ గీత.

నా ప్రోగ్రాం ప్రకారం ఆయన షాపు మూస్తున్నాడు. పోనీ, ఆయన షాపు, ఆయన ఇష్టం. హార్మోనియం బాగుచేయించుకునేవాళ్లు అసలు ఎంతమంది ఉంటారు గనక?

19 నవంబర్, శుక్రవారం

ఎంతమంది ఉంటారో ఇవాళ తెలిసింది.

సామేలు భార్య ఈరమ్మ ఆఫీసుకు వచ్చింది. ఒక స్కూల్లో ఆయాగా చేస్తుంది, అక్కడి నుంచి నేరుగా వచ్చింది. దిలీప్ లేడు. నాతోనే మాట్లాడింది. మాల వేసుకున్న అయ్యప్ప స్వాముల భజనలు మొదలయ్యాయట. ఇంకో పక్క క్రిస్మస్ పాటల ప్రాక్టీసులు. నవంబర్, డిసెంబర్ రెండు నెలలూ పెట్టెలు వచ్చి పడతాయట, షాపులో కాలు పెట్టే సందు ఉండదట. ఏడాదికి కావలసిన పని ఈ రెండు నెలల్లోనే వస్తుందట. ప్రాక్టీసులూ భజనలూ సాయంత్రం వేళ కాబట్టి పెట్టెలు తెచ్చేవాళ్లు కూడా సాయంత్రమే తెస్తారు. వచ్చి తాళం చూసి విద్యానగర్‌లో కొత్తగా పెట్టిన షాపుకు పోతున్నారు. ఒకసారి అటు మరిగినవాళ్లు మళ్లీ ఇటు రారమ్మా అంది. గట్టిగా అడిగితే, రోజూ చూసేవాళ్లకేం తొందర, దూరం నుంచి వచ్చేవాళ్లు ముఖ్యం అంటాడట.

అంతసేపూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కంప్యూటర్‌లో వచ్చే ఆ మనుషులకు నువ్వన్నా చెప్పు బిడ్డా, మా ఆయనకు పని ఉన్నదని చెప్పు, అని బతిమాలింది. చెబుతానన్నాను.

20 నవంబర్, శనివారం

నిజం చెప్పేస్తే పోయేదేముంది అని పొద్దున్నే అనుకున్నాను. పోయేది ఉద్యోగం. దాంతోపాటు, ఆ ముసలాయన నన్ను అమ్మా బిడ్డా అంటాడు, అదీ పోతుంది. రెండోది నాకు ఎక్కువగా తగిలింది. ఎందుకో తెలియదు.

అయినా దీన్ని లెక్కతోనే సరిచేయొచ్చు. విజిటర్లను సాయంత్రం నుంచి తీసేసి ఎక్కడో వేరేచోట పడేస్తే ఆయన షాపులోనే ఉంటాడు. ఆయన ఖాయంగా ఖాళీ లేని వేళ ఒకటుంది. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు. చర్చిలో వాయిస్తుంటాడు. దిలీప్ సెంటర్ ఆదివారం కూడా ఎనిమిదికే తెరుస్తాడు గానీ, ఈయన రాలేడు. అందరినీ అక్కడికి తోశాను. మిగతా వారమంతా రోజుకు ఇద్దరో ముగ్గురో. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమిటా అనుకున్నాను.

26 నవంబర్, శుక్రవారం

రిపోర్టు ఇచ్చాను. ఆదివారం కింద ఎర్ర గీత కొట్టుకున్నాడు. మొదటి రెండు సాయంత్రాలు ఎవరూ రావడం లేదని చూసి, మిగతా వారమంతా షాపు తెరిచే ఉంచాడట. నన్ను నేనే మెచ్చుకున్నాను.

29 నవంబర్, సోమవారం

ఈరమ్మ ఈసారి హాస్టల్‌కే వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన నిలబడి ఉంది.

"ముప్పయ్యేండ్ల సంది ఒక్క ఐతారం తప్పలే బిడ్డా. నిన్న చర్చిల పెట్టె మూత తియ్యకుంటనే పాటలు పాడిన్రు."

ఆయన ఎక్కడున్నాడని నేను అడగలేదు. మూడో నంబరు క్యాబిన్‌లో ఉన్నాడు. వాళ్ల చర్చిలో క్రిస్మస్ పాటల మొదటి ప్రాక్టీసు నిన్ననేనట. పాస్టర్ గారు అరగంట చూశాడట. తరవాత ఎవరో కుర్రవాడు కీబోర్డు తెచ్చుకుని కూర్చున్నాడట. ఇక పండగ అయ్యేదాకా ఆ కుర్రవాడే వాయిస్తాడు. చర్చివాళ్లు బాగుచేయమని ఇవ్వాలనుకున్న మూడు పెట్టెలు కూడా విద్యానగర్ పోయాయి.

నాకు తెలిసిన లెక్కంతా తెలివితక్కువతనం. ఆదివారం తొమ్మిదింటికి ఆయన రాలేడని ఏ డేటా చూసి రాశాను? తెలిసిన చుట్టాలను వదిలేసి, తెలియని చుట్టాల కోసం తెల్ల చొక్కా వేసుకునే మనిషి అని రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను. అందరినీ వెక్కిరించే తీరికలో ఆ ఒక్కటీ రాసుకోలేదు.

30 నవంబర్, మంగళవారం

వెళ్లి చెప్పాను. ఆయన షాపులోనే, ఈరమ్మ ముందే. అన్నీ చెప్పాను. విజిటర్లు లేరు, ఆ నంబర్లు నేను రాసినవి, బుధవారం నేను పెట్టిందే, ఆదివారం కూడా నేను పెట్టిందే. సర్వర్ లాగ్ తీసుకెళ్లాను. సెప్టెంబర్ నుంచి ఆయన పేజీని నిజంగా తెరిచింది రెండువందల నలభై ఏడుసార్లు. అందులో రెండువందల పదహారు మూడో నంబరు క్యాబిన్ నుంచి, అంటే ఆయనే. మిగతా ముప్పై ఒకటి నేను. బయటి మనిషి ఒక్కడు లేడు.

తిడతాడని సిద్ధపడి వెళ్లాను. ఆయన నింపాదిగా, చేతిలోని రీడ్‌ను గీకుతూనే, నమ్మనన్నాడు.

"నువ్వు కూసోని రాస్తే అన్ని దినాలు ఒక్కతీరుగ రాస్తువు. ఒకనాడు నలుబై, ఒకనాడు పదకొండు ఎట్ల రాస్తవు? అన్నంతినే యాళ్లకు తక్కువొస్తరు, పొద్దూకితే ఎక్కువొస్తరు. అది మనుషుల తీరు బిడ్డా. అబద్ధానికి అంత ఓపికుండదు."

ఐదేళ్లలో నా పనిని ఇంత జాగ్రత్తగా చదివిన మనిషి ఇంకొకరు లేరు. గైడ్‌తో సహా.

1 డిసెంబర్, బుధవారం

నమ్మకపోతే చూపిద్దామని మూడో నంబరు క్యాబిన్‌లో ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కౌంటర్ రెండువేల మూడువందల పద్దెనిమిది మీద ఉంది. చూస్తూ ఉండండి అని ఆయన కళ్లముందే ఫైలు తెరిచి దాన్ని తొమ్మిది చేశాను. పేజీ మళ్లీ తెరిచాను. పది అని వచ్చింది. చూశారా, ఇంతే, నా చేతిలో ఉంది అన్నాను.

ఆయన ముఖం తెల్లబోయింది. ఇప్పుడు నమ్మాడనుకున్నాను.

"నువ్వు లెక్క తుడిపేస్తే, వచ్చినోళ్లు రానట్టయితదా?"

ఆ మాట అని లేచి బయటికి వెళ్లి, దిలీప్‌ను పిలిచి, ఎవరూ రాలేదంటున్నది, ఆ పిల్లకు ఏమో బాగాలేనట్టుంది, ఇల్లు దూరం కదా, నాలుగు రోజులు సెలవివ్వు అన్నాడట. దిలీప్ వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా క్లయింటుకే చెప్పావా అక్కా అన్నాడు. వాడికి తెలిసిన కోపమంతా అదే. రేపటి నుంచి రానన్నాను. వెళ్లేముందు ప్రోగ్రాం చెరిపేశాను. మిగతా ముగ్గురికి దిలీప్ తన యాభైలు తనే రాసుకుంటాడు.

8 డిసెంబర్, బుధవారం

కౌంటర్ దానంతట అది కదలడం లేదు. సామేలు మాత్రం వస్తున్నాడు. బుధవారం సాయంత్రం, మిగతా రోజులు ఐదు నుంచి, ఆదివారం పొద్దున, అన్నిటికీ. నేను చేసిన మూడు రకాల లెక్కలూ ఆయన కలిపేసుకున్నాడు. నా మాటలకు నొచ్చుకుని వాళ్లు రావడం మానేశారని, మళ్లీ వచ్చిన రోజు ఎవరో ఒకరు ఎదురుగా లేకపోతే ఇక ఎప్పటికీ రారని ఈరమ్మతో అన్నాడట.

ఈరమ్మ నాకు చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆవిడకు నేను మొహం చూపించగలగడమే ఎక్కువ. క్రిస్మస్‌కు పదిహేడు రోజులుంది. నెలాఖరు దాకా అయ్యప్ప భజనలున్నాయి. షాపు తాళంచెవి ఇమ్మని అడిగాను.

9 డిసెంబర్, గురువారం

హార్మోనియం గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. పెట్టె తీసుకోవడం, చీటీ మీద పేరు రాసి కట్టడం, ఎప్పుడు రావాలో చెప్పడం. ఇంతవరకు ఎవరైనా చేయొచ్చు. రాత్రి అన్నం తిన్నాక, మళ్లీ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఆయన బాగుచేస్తున్నాడట. షాపులో ఎవరు కూర్చుంటున్నారని ఈరమ్మను అడగలేదట. నేనేనని ఆయనకు తెలుసు. ఇవాళ ఎదురుపడితే ఇద్దరం పక్కకు చూశాం.

15 డిసెంబర్, బుధవారం

మూడు నుంచి ఏడు వరకు. ఐదుగురు వచ్చారు. ఆఖరున రామంతాపూర్ నుంచి ఒక భజన మండలివాళ్లు ఆటోలో పెద్ద పెట్టె తెచ్చారు. తిత్తి చిరిగింది. సామేలు ఏడని అడిగారు. చుట్టాలొచ్చారు, వాళ్ల దగ్గర ఉన్నాడు, పెట్టె లోపల పెట్టండి అన్నాను.